నాలుగు డిగ్రీల వాలు

ఏ ముక్కా రాయకముందే దేవునికి స్తోత్రం. ఇరవై రెండేళ్ళు మంచులోనూ ఇసుకలోనూ నన్ను కాచినవాడు ఆయనే. చేతికి పని ఇచ్చినవాడు ఆయనే. ఆ పనిలో తప్పు చూపించి, దిద్దుకోవడానికి గడువు ఇచ్చినవాడూ ఆయనే. నేను రాయబోయేది ఒక బండి గురించి. దాని కింద వీపు ఆన్చి పడుకుని చేసుకున్న ప్రార్థనల్లాంటివి నేను గుడిలో కూడా చేసుకోలేదు. అందులో ఏదైనా మంచి ఉంటే ఆ మహిమ ఆయనదే.

మిలిటరీలో ఏం చేశావని మా చర్చి సంఘంలో చాలామంది అడుగుతుంటారు. తుపాకీ సంగతులు వినాలని వాళ్ళ ఆశ. నేను వాహనాల మెకానిక్‌ను. హవల్దారుగా బయటికి వచ్చాను. మొత్తం సర్వీసులో సొంత జిల్లాలో నాకు పడిన డ్యూటీ ఒక్కటే. ఇరవై నాలుగు రోజులు. అది చెబుతాను.

ఏప్రిల్ నెల. సోమవారం ఉదయం అయిదు నలభైకి మా లారీ జమ్మలమడుగు దాటి, వదిలేసిన ఒక నాపరాయి క్వారీ అంచున ఆగింది. లారీ మీద మా బండి, జీపు తరహా చిన్న మిలిటరీ వాహనం. రెండు గుడారాలు, నాలుగు నీళ్ళ డ్రమ్ములు, ఆరు పనిముట్ల పెట్టెలు, రెండు వైర్‌లెస్ సెట్లు దించుకున్నాం. మేము ముగ్గురం: కెప్టెన్ సాబ్, డ్రైవరు, నేను. ఎనిమిది గంటలకే ఇనుము తాకితే చెయ్యి చురుక్కుమంది. మధ్యాహ్నం నలభై మూడు డిగ్రీలు. ఆ బండి అంతకుముందు పనిచేసిన చోట చలికాలంలో సున్నాకు కింద ఇరవై అయిదు.

మా యూనిట్ అప్పుడు ఉత్తరాది మంచుకొండల మీద నుంచి దిగి దక్షిణాదిలో ఉంది. మళ్ళీ పైకి పోయేది జూన్‌లో. ఈ క్వారీని చూపించింది నేనే. పనికిరాని రాయిని ఇక్కడ గుట్టలుగా పోసి వదిలేశారు. పలకలు పలకలుగా ఉంటుంది, అంచులు కోసుకుపోతాయి, కాలు పెడితే కదులుతుంది. పైన మేము ఎక్కే దారి అచ్చం ఇలాంటిదే. మా నాన్న ఈ బండలు పరిచే మేస్త్రీ. ఈ రాయి గుణం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

పైన మాకొక పోస్టు ఉంది. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి పద్నాలుగు కిలోమీటర్లు, అంతా వాగులో రాళ్ళు. అక్కడ పదకొండు మంది ఉంటారు. అంతకుముందు చలికాలంలో అక్కడి రేడియో ఆపరేటరుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఎత్తు వల్ల వచ్చే జబ్బు. త్వరగా కిందికి దించడమే దానికి మందు. స్ట్రెచరు మీద పడుకోబెట్టి ఈ బండిలోనే బయల్దేరారు. తొమ్మిదో కిలోమీటరులో ముందు ఎడమ చక్రం విరిగి పక్కకు వాలిపోయింది. మిగిలిన అయిదు కిలోమీటర్లు భుజాల మీద మోశారు. ఆరు గంటలు పట్టింది. మూడో గంటలోనే ఆయన ఊపిరి ఆగిపోయింది. ఆరోజు ఉదయం బండిని చూసి, బాగుందని సంతకం పెట్టింది నేను. నడిపింది ఈ డ్రైవరే.

డ్రైవరుది పులివెందుల. నాకంటే పదేళ్ళు చిన్న. కెప్టెన్ ముందు నన్ను ఉస్తాద్ అనేవాడు, మేమిద్దరమే ఉంటే మామా అనేవాడు. ఆ చలికాలం తర్వాత స్టీరింగు ముట్టనని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఈ పని అయ్యేదాకా ఆగమని నేనే బతిమాలి తెచ్చాను. మొదటి రోజు గుడారం మేకులు కొడుతూ అన్నాడు:

"వంటింట్లో ఎయ్యమని రాసిచ్చినా మామా. నా చెయ్యి పడితే ఇనుమే ఇరిగిపోతాండాది. నన్నెందుకు తెచ్చినావు?"

ఆ దారి తెలిసినవాడు నువ్వే కాబట్టి అన్నాను. ఇంకో మేకు అందించాను.

మాకు వచ్చిన ఆర్డరు ఇది. బండి ముందుభాగం మార్చాలి. ఇరవై నాలుగు రోజుల్లో రాళ్ళ మీదా, తారు రోడ్డు మీదా, బరువుతో నడిపి చూపాలి. నిలబడితే జూన్‌లో పైకి, ఆ పోస్టుకు వెళ్తుంది. నిలబడకపోతే పాత భాగాలు మళ్ళీ బిగించి పంపిస్తారు. అంటే ఆ పదకొండు మందికి మళ్ళీ తొమ్మిదో కిలోమీటరు, మళ్ళీ భుజాలు.

మార్చేది ఏమిటో తేలిక మాటల్లో చెబుతాను. ఆ బండికి ముందు చక్రాలు రెండూ వేటికవి విడివిడిగా ఆడతాయి. నున్నటి రోడ్డు మీద హాయిగా ఉంటుంది. రాళ్ళలో మాత్రం వాటిని పట్టుకునే సన్నటి ఇనుప చేతులు వంగుతాయి, కీళ్ళ మీది రబ్బరు తొడుగు చిరిగి దుమ్ము దూరుతుంది. మేము వేయదలచింది ఒకే ఇరుసు. ఆ చక్రం నుంచి ఈ చక్రం దాకా ఒకే ఇనుప దూలం, ఎద్దులబండికి ఉన్నట్టు. కాకపోతే దీని కడుపులో చక్రాలను తిప్పే పళ్ళచక్రాలు ఉంటాయి. ఒక చక్రం రాయి ఎక్కితే రెండోది అదే బరువుతో నేలను అదుముతుంది. మా పాత సామాను యార్డులో ఒక ముసలి జీపు ఇరుసు తుప్పు పట్టి పడి ఉంది. దాన్ని కడిగి, బేరింగులు మార్చి వెంట తెచ్చాను.

ఇరుసును పట్టుకునే కమాను కట్టలు, అంటే వంపు తిరిగిన స్ప్రింగు పట్టీలు, వాటి కొక్కేలు కొత్తగా కట్టాలి. దానికి పెద్ద వెల్డింగు కావాలి. కెప్టెన్ అనుమతితో రెండో రోజు బండిని లాగించుకుని ప్రొద్దుటూరు పోయాం. ట్రాక్టరు ట్రాలీలు తయారుచేసే షెడ్డు అది. వెల్డరు ముస్లిం, అరవైకి దగ్గర. పన్నెండేళ్ళు కువైట్‌లో పైపులు అతికించి వచ్చిన మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని పాత చక్రం చేతిని సుత్తితో తట్టాడు.

"ఏందప్పా ఇది, కోడికాళ్ళ మాదిరి ఉండాయి. వీటి మీదనేనా మీరు దేశాన్ని కాస్తాండేది?"

డ్రైవరు నవ్వాడు. ఆ చలికాలం తర్వాత వాడి నవ్వు వినడం అదే మొదటిసారి.

పని మొదలైంది. ఉదయం ఆరు నుంచి పదకొండు. మళ్ళీ మూడున్నర నుంచి ఏడు. మధ్యలో రేకుల షెడ్డు కింద నిలబడలేం. మూడు రోజుల్లో పాత చేతులు, వాటి దిమ్మలు గ్యాసుతో కోసి తీసేశాం. చాసిస్ చట్రం ముందు కొమ్ములను నున్నగా గీకాం. శుక్రవారం వెల్డరు నమాజుకు షెడ్డు మూసేవాడు. ఆదివారం నేను ఆరాధనకు జమ్మలమడుగు పోయేవాణ్ణి. నీకో రోజు, ఆయనకో రోజు, సర్కారుకు ఏ రోజు మిగిలిందని కెప్టెన్ విసుక్కున్నాడు. కానీ ఆపలేదు. దేవుడు ఆయనను దీవించుగాక.

ఎనిమిదో రోజు కమాను కట్టలు వేలాడాయి. తొమ్మిదో రోజు ఇరుసును వాటి కిందికి దొర్లించాం. కట్టలు కూర్చునే ఇనుప పీటలను ఇరుసు మీద అతికించాలి. పీట ఏ కోణంలో అతికితే ఇరుసు ఆ కోణంలో శాశ్వతంగా ఉంటుంది. వెల్డరు సన్నటి పారదర్శకపు గొట్టంలో నీళ్ళు పోసి మట్టం చూశాడు. ముందుకూ వెనక్కూ, ఈ పక్కకూ ఆ పక్కకూ, జుట్టు మందం తేడా లేదు.

"ఇరుసు మట్టంగా ఉంటేనే బండి మాట వింటాది," అన్నాడు. "ఈ చేత్తో ఎన్ని ట్రాలీలు చేసినానో నాకే తెలీదు. ఒక్కటి పక్కకు లాగలా."

నాకూ ఆ నీళ్ళ గీత చూసి కడుపు నిండింది. మా నాన్న బండ పరిచి, పక్కనే పడుకుని ఒక కన్ను మూసి చూసేవాడు. మట్టం తప్పితే బండ పీకేసేవాడు. ఇంట్లో మాకు నేర్పిన నీతి అంతా ఆ ఒక్క మాటలో ఉండేది. గుడిలోనూ తూకం, మట్టం, నిలువు అనే మాటల మీదే పెరిగాం. సరే అన్నాను. వెల్డరు అతికించాడు.

పదమూడో రోజు శనివారం సాయంత్రానికి బ్రేకు గొట్టాలు, స్టీరింగు కడ్డీలు బిగించాం. బండి తన నాలుగు కాళ్ళ మీద నిలబడింది.

మరునాడు ఆదివారం. సాక్ష్యాల వేళ నేను లేచాను. మా సంఘంలో అలవాటు అది. దేవుడు చేసిన మేలును అందరి ముందూ చెప్పాలి. పైన పోయిన రేడియో ఆపరేటరు గురించి చెప్పాను. బండి సిద్ధమైందని, దేవుడు కార్యం ముగించాడని, ఆ దారిలో ఇక ఎవరూ చనిపోరని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు కృతజ్ఞతా ప్రార్థన చేశారు. బండి అప్పటికి షెడ్డు గుమ్మం కూడా దాటలేదు.

పదిహేనో రోజు క్వారీలో నడిపాం. నడక వేగంతో గుట్ట ఎక్కింది. ఒక చక్రం మోకాలెత్తు రాయి మీదకు పోతే రెండోది నేలను వదల్లేదు. కెప్టెన్ రెండుసార్లు తల ఊపాడు.

పదహారో రోజు తారు రోడ్డు. ముద్దనూరు నుంచి పులివెందుల వైపు బయల్దేరాం. డ్రైవరు స్టీరింగు దగ్గర, నేను పక్కన. కెప్టెన్ క్యాంపులో. వేగం నలభై అయిదు. ఒక చిన్న కల్వర్టు అతుకు మీద ముందు చక్రాలు టక్కుమన్నాయి. అంతే, స్టీరింగు వణకడం మొదలైంది. వణుకు పెరిగి బండి మొత్తం ఊగింది. డ్యాష్‌బోర్డు మీది కాగితాలు నా ఒళ్ళో పడ్డాయి. డ్రైవరు పళ్ళు బిగించి పట్టుకున్నాడు. రోడ్డు అంచుకు రెండడుగుల దూరంలో ఆపాడు. మళ్ళీ ప్రయత్నించాం. మళ్ళీ అదే. మూడోసారి ఎదురుగా బస్సు వస్తోంది. దేవుడు కాపాడాడు.

వాడు దిగి తాళంచెవి తీసి బానెట్ మీద పెట్టాడు.

"ఇంకొకర్ని పిలిపించుకో మామా. నా తల మీద ఇంకో పీనుగు వద్దు."

నీ చేతుల తప్పు కాదని చెప్పాను. వినలేదు. చీనీతోట, అంటే బత్తాయి తోట, కంచె పక్క నీడలో కూర్చుండిపోయాడు. నేను బండి కిందికి దూరాను. బోల్టులన్నీ చూశాను. ఏదీ వదులు కాలేదు. అతుకులు గట్టిగానే ఉన్నాయి. మిగిలింది ఎనిమిది రోజులు. వెల్లకిలా పడుకుని, తండ్రీ, నాకు కనబడటం లేదు, చూపించు అన్నాను. అదే మాట పదిసార్లు అన్నాను. ఇంకో మాట రాలేదు.

బయటికి వచ్చేసరికి తోటలోంచి ఒక పెద్దాయన సైకిలు నెట్టుకుంటూ వచ్చాడు. దాన్ని మా బండికి ఆనించి, సంచిలోంచి నాలుగు చీనీకాయలు తీసి ఇచ్చాడు. ఎండకు కూర్చోవద్దప్పా అని చెప్పి, నీళ్ళు తాగడానికి పక్క బోరు దగ్గరికి పోయాడు. డ్రైవరు కాయ వలుస్తూ ఆగిపోయాడు. సైకిలునే చూస్తున్నాడు.

"మామా, దాని ముందు ఫోర్కు చూడు. వెనక్కి వాలి ఉండాది."

"ఉంటే?"

"నేను ఇస్కూలుకు చేతులు వదిలేసి తొక్కుతాంటి. అది దానంతటదే నేరుగా పోతాండె. ఆ వాలు ఉండబట్టే గదా. మన బండికి చక్రం తిప్పే కీలు నిట్టనిలువుగా ఉండాది. దానికి వాలు యాడుంది?"

నా చేతిలో కాయ కింద పడింది.

క్యాంపుకు పోయి పెట్టె అడుగున ఉన్న నా పాత శిక్షణ నోటుబుక్కు తీశాను. పదకొండో పేజీ. నా దస్తూరీయే. చక్రం తిరిగే కీలు పైభాగం మూడు నుంచి ఆరు డిగ్రీలు వెనక్కి వాలాలి. వాలు లేకపోతే వేగంలో చక్రం కొట్టుకుంటుంది. కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను. పద్దెనిమిదేళ్ళ కింద రాసుకున్నాను. నీళ్ళ గీత అందంగా కనబడిన రోజు తెరిచి చూడలేదు. వాక్యాన్ని రోజూ చదువుతాను. ఇది చదవలేదు.

పదిహేడో రోజు ఉదయం షెడ్డులో వెల్డరుకు చెప్పాను.  ఆయన మట్టం చూసే గొట్టాన్ని చుట్టి మేకుకు తగిలించాడు.

"అంటే తప్పు నా మట్టందా?"

"దాన్ని చూసి మురిసిపోయిన నా కంటిది, భాయ్. నాకు తెలిసి ఉండాల్సింది."

"ట్రాలీ చక్రం పక్కకు తిరగదు. ఇది తిరుగుతాది. అంతమాత్రం నాకూ తోచలా." మళ్ళీ అన్నాడు, "ఇన్నేండ్లూ నేరుగా చేసినా. ఇప్పుడు ఈ ఫౌజీ వచ్చి వంకరగా చెయ్యమంటాండాడు. యా అల్లా, ఈ ఒక్కసారికి చూడనట్టు ఉండు."

పీటలు కోసి మళ్ళీ అతికితే ఇరుసు ఇనుము వేడికి బలహీనపడుతుంది. అందుకని ఇరుసూ, దాని చివరి కీళ్ళూ వెనక్కి వాలేలా పీటకూ కమాను కట్టకూ మధ్య ఇనుప ముక్కలు పెట్టాలని నిర్ణయించాం. ఒక అంచు మందం, ఒక అంచు పల్చన. లారీ పాత కమాను పట్టీ నుంచి కోసి, అరగదీసి చేయాలి. కుడికీ ఎడమకీ తేడా రాకూడదు. ఆరు డిగ్రీలు పెడితే ఇంజను నుంచి ఇరుసుకు వచ్చే తిరుగుడు కడ్డీ ఎక్కువగా వంగుతుంది. నాలుగు దగ్గర ఆగాం. అంచనాకు డ్రైవరు ఎక్కడి నుంచో సైకిలు ఒకటి తెచ్చి షెడ్డులో నిలబెట్టాడు. వెల్డరు దానివైపు చూడనని ఒట్టు పెట్టుకున్నట్టు వీపు తిప్పి పని చేశాడు.

మొదటి జత పగిలింది. రెండో జతలో అర డిగ్రీ తేడా వచ్చింది. ఆయనే పారేశాడు. గురువారం చీకటిపడేసరికి మూడో జత సగం మిగిలిపోయింది. మరునాడు శుక్రవారం. షెడ్డు మూత. నేను అడగలేదు. మధ్యాహ్నం రెండింటికి ఆయనే ఫోన్ చేశాడు. నమాజు అయిపోయింది, షెడ్డు తీసినా, వస్తావా రావా అన్నాడు. ఆ తెల్లచొక్కా మీదే గ్రైండరు పట్టుకున్నాడు.

శనివారం సాయంత్రం అదే రోడ్డు, అదే కల్వర్టు. తాళంచెవి నేను డ్రైవరు చేతిలో పెట్టాను. వాడు రెండు నిమిషాలు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఎక్కాడు. నలభై అయిదు. యాభై. అరవై. చక్రాలు టక్కుమన్నాయి. స్టీరింగు ఒక్కసారి అటు కదిలి, దానంతటదే మధ్యకు వచ్చింది.  వాడు పులివెందుల బస్టాండు దాకా పోయి, టీ తాగించి, వెనక్కి తెచ్చాడు.

ఇరవై ఒకటో రోజు ఆదివారం గుడిలో మళ్ళీ లేచాను. పోయిన వారం నేను చెప్పింది సాక్ష్యం కాదు, గొప్ప అన్నాను. దేవుడు ముగించాడని చెప్పిన పని అప్పటికి మొదలే కాలేదని, ఒక ముస్లిం వెల్డరు, స్టీరింగు వదిలేస్తానన్న ఒక డ్రైవరు, ఒక సైకిలు పెద్దాయన కలిసి నా కళ్ళు తెరిపించారని చెప్పాను. చప్పట్లు లేవు. బయట ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, ఈ వారం సాక్ష్యమే బాగుందని చెప్పింది.

ఇరవై రెండో రోజు, సోమవారం, ఉదయం ఆరు పది. చివరి పరీక్ష. బండిలో అయిదు వందల కిలోల నాపరాళ్ళు. స్ట్రెచరు మీద రోగి బదులు ఇసుకబస్తా కట్టమన్నాడు కెప్టెన్. నేను పడుకుంటానన్నాను. ఎందుకని అడిగాడు. ఆరోజు సంతకం పెట్టింది నేను సార్ అన్నాను. పట్టీలు ఆయనే బిగించాడు. తర్వాత ఒక సెట్టు తీసుకుని గుట్ట పైకి నడిచాడు.

రాళ్ళ మీద ఏడు చుట్లు, పద్నాలుగు కిలోమీటర్ల లెక్కకు. సెట్టులో కెప్టెన్ గొంతు, ఎప్పటిలాగే హిందీలో:

"ఎక్కడున్నావు, చెప్పు."

"నాలుగో చుట్టు, రెండో మలుపు సాబ్."

"చక్రాలు?"

"నాలుగూ నేల మీదే సాబ్."

"రోగి?"

డ్రైవరు నా వైపు తిరగలేదు. "బాగున్నాడు సాబ్. ప్రార్థన చేస్తాండాడు," అన్నాడు. చివరి మాట తెలుగులో వచ్చేసింది. అవతల కెప్టెన్‌కు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. వాడు మళ్ళీ చెప్పలేదు.

గంటా నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆ వెంటనే రోడ్డు మీద అరవై వేగంతో పరుగు. ఏదీ వదులు కాలేదు. కెప్టెన్ రిపోర్టులో ఒకే వాక్యం రాశాడు: పైకి పంపడానికి యోగ్యం.

ఇరవై నాలుగో రోజు గుడారాలు విప్పాం. వెల్డరు లారీ దగ్గరికి వచ్చి, ఇరుసు మీద చేయి పెట్టి ఒక్క క్షణం నిలబడ్డాడు. జూన్‌లో బండి పైకి పోయింది, డ్రైవరు దానితోనే పోయాడు. వంటింటి దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. నాకు ఆగస్టులో సర్వీసు ముగిసింది. జమ్మలమడుగు వచ్చేశాను.

జనవరిలో ఒక సాయంత్రం వాడి ఫోన్. పైన ఆ పోస్టులో కాపలా కాసే సెంట్రీ ఒకడికి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. మంచులో రెండు గంటల ఇరవై నిమిషాల్లో దించాడట. మనిషి బతికాడు మామా, ఇప్పుడు రొట్టె తింటాండాడు అన్నాడు. నేను ఫోన్ పెట్టి మోకరించాను. స్తోత్రం అన్న మాట ఒక్కటే వచ్చింది.

ఇన్ని జరిగినా నా కంట్లో నిలిచిపోయింది ఒక్కటే. ఆ సోమవారం స్ట్రెచరు మీద పట్టీలతో బిగించి ఉన్నాను. తల కదలదు. కనబడేది బండి కప్పు, ముందరి చిన్న అద్దం, అందులో డ్రైవరు కళ్ళు. ప్రతి మలుపు దగ్గరా ఆ కళ్ళు రాళ్ళను వదిలి ఒక్కసారి నా మీదకు వచ్చేవి. నా ఛాతీ లేస్తోందా లేదా అని చూసేవి. లేస్తోందని తెలుసుకుని మళ్ళీ దారి మీదకు పోయేవి. తొమ్మిదో కిలోమీటరు వచ్చింది. అక్కడ ఆ కళ్ళు రెండుసార్లు వచ్చాయి.

ఇది చదువుతున్న మీరు ఏ సంఘం వారైనా, ఏ దేవుని పేరు పిలిచేవారైనా, ఒక్క నిమిషం నాతో కలవండి. ఈ గడియలోనూ ఆ రాళ్ళ వాగులో ఎవరో బండి నడుపుతుంటారు, వెనక ఎవరో పడుకుని ఉంటారు. తండ్రీ, ఆ అద్దంలోకి చూసే కళ్ళకు ప్రతిసారీ ఊపిరి కనబడనివ్వు. ఆమేన్.